బిల్డరు కాగితం మీద సంతకానికి ముందు కాలనీ తన లెక్క తాను వేసుకోవాలి

కార్యదర్శి గారూ, మీ ప్రశ్నలో ఉన్న విషయం ఇది. హనుమకొండలో సుమారు నలభై ఏళ్ల నాటి హౌసింగ్ బోర్డు కాలనీ. రెండెకరాల స్థలంలో మూడంతస్తుల బ్లాకులు ఎనిమిది, మొత్తం 96 ఇళ్లు, ముందు 30 అడుగుల రోడ్డు. శ్లాబుల పెచ్చులు ఊడుతున్నాయి. ఒక బిల్డరు వచ్చి 650 అడుగుల పాత ఇంటికి బదులు 1,200 అడుగుల కొత్త ఫ్లాటు ఉచితంగా ఇస్తానని, కట్టేదాకా అద్దె తానే భరిస్తానని చెప్పాడు. సగం మంది సంతకానికి సిద్ధంగా ఉన్నారు, మిగతా సగం భయపడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు.

ఉత్తర తెలంగాణ పట్టణాల్లో లేఅవుట్లు, భవన అనుమతులు చూసే పనిలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. ఆ అనుభవంతో చెబుతున్నాను: బిల్డరుతో మాటలు ఇప్పటికి ఆపండి. ఆయన మంచివాడు కాడని నా ఉద్దేశం కాదు. మీ స్థలంలో ఏమి వస్తుందో మీకంటే ముందు ఆయన లెక్క వేసుకున్నాడు. మీ చేతిలో లెక్క లేకుండా బేరానికి కూర్చుంటే ఆయన చెప్పినదే ప్లాను అవుతుంది.

అన్నిటికంటే ముందు తేలాల్సింది, అసలు కూల్చాలా అన్నది. నలభై ఏళ్లు నిండినంత మాత్రాన భవనం ఆయుష్షు తీరినట్టు కాదు. పెచ్చులు ఊడటానికి ఎక్కువగా కారణం లోపలి ఇనుము తుప్పు పట్టడం. కొత్త కాంక్రీటుకు గట్టి క్షారగుణం ఉంటుంది, అదే కడ్డీని కాపాడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి చేరి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. బాత్రూముల నుంచి, డాబా మీది నుంచి నీరు దిగుతుంటే తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కింది పొరను తోసేస్తుంది. ఇది శ్లాబులో కొంత మేరకే ఉంటే బాగు చేయవచ్చు. దూలాల్లోకి, పునాదిలోకి పాకితే వేరే సంగతి.

ఇది కంటితో చూసి తేల్చే విషయం కాదు. వరంగల్ ఎన్‌ఐటీ సివిల్ విభాగం లాంటి చోట రాతపూర్వకంగా అడిగి పరీక్ష చేయించండి. సుత్తి పరీక్ష, అల్ట్రాసోనిక్ పరీక్ష, తుప్పు పరీక్ష, అవసరమైన చోట కాంక్రీటు ముక్క కోసి బలం చూడటం, ఇవన్నీ అడగండి. కోసిన మూడు ముక్కల సగటు బలం నిర్దేశిత బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. భారత ప్రమాణం ఐఎస్ 456 చెప్పేది ఇదే. మరో ముఖ్యమైన సంగతి ఉంది. ఆ కాలపు మూడంతస్తుల బ్లాకుల్లో చాలావాటికి స్తంభాలు ఉండవు, ఇటుక గోడలే బరువు మోస్తాయి. హాలు పెద్దది చేసుకుందామని ఎవరైనా కింది అంతస్తులో గోడ తీసేసి ఉంటే పైన ఉన్న రెండు కుటుంబాలూ ప్రమాదంలో ఉన్నట్టే. ఏ ఇంట్లో ఏ గోడ తీశారో ఇంటింటికీ తిరిగి రాయించండి. చెప్పినవారిని ఎవరూ నిలదీయకూడదని సభలో ముందే తీర్మానించండి, లేకపోతే ఎవరూ చెప్పరు. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు వరంగల్‌లోనూ జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. మన వైపు భూమి కదలదన్న నమ్మకంతో ఈ పరీక్షను వాయిదా వేయవద్దు.

పరీక్షలో ఎనిమిది బ్లాకులకూ ఒకే ఫలితం రాకపోవచ్చు. రెండు కూల్చాల్సినవి, ఆరు బాగు చేయదగినవి అని తేలితే కాలనీ మొత్తాన్ని ఒకే ఒప్పందంలో కట్టిపడేయాల్సిన అవసరం లేదు. బాగు చేయడానికయ్యే ఖర్చు అంచనా కూడా అదే నివేదికలో అడగండి. ఆ అంకె మీ దగ్గర లేకపోతే కొత్త ఫ్లాటును దేనితో పోల్చాలో కూడా తెలియదు.

ఇక కూల్చడమే మేలని తేలిందనుకుందాం. అప్పుడు స్థలం లెక్క. రెండెకరాలంటే 80 గుంటలు, 9,680 గజాలు. 96 ఇళ్లకు పంచితే ఒక్కో ఇంటికి దాదాపు 100 గజాల అవిభాజ్య వాటా, అంటే విడదీయని ఉమ్మడి భూమిలో వాటా. మీ అసలు ఆస్తి ఇది, 650 అడుగుల పాత గోడలు కావు.

మన రాష్ట్రంలో ముంబై, చెన్నై నగరాల మాదిరిగా స్థలానికి ఇన్ని రెట్లు కట్టుకోవచ్చనే సూచిక లేదు. ఎంత కట్టవచ్చో రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ కలిసి నిర్ణయిస్తాయి. 2012 నాటి 168వ నంబరు జీవో దీనికి మూలం. తర్వాత వచ్చిన సవరణలను దరఖాస్తు నాటికి మళ్లీ చూసుకోవాలి. ఆ జీవో ప్రకారం 18 మీటర్లు, అంతకు మించిన ఎత్తు భవనానికి ముందు కనీసం 12 మీటర్ల రోడ్డు, చుట్టూ కనీసం 7 మీటర్ల ఖాళీ ఉండాలి. ఎత్తు పెరిగేకొద్దీ రెండూ పెరుగుతాయి. మీ 30 అడుగుల రోడ్డు అంటే 9 మీటర్లు. దాని మీద ఆ ఎత్తు రాదు. కింద పార్కింగ్, పైన అయిదంతస్తులు అనేది మీకు పై హద్దు. అదైనా పూర్తిగా వస్తుందో లేదో నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్ విభాగంలో రాతపూర్వకంగా అడగాలి. వస్తుందనే అనుకుని చూద్దాం.

రెండెకరాలంటే 87,120 చదరపు అడుగులు. చుట్టూ ఖాళీలు, లోపలి రోడ్లు, ఉమ్మడి ఖాళీ స్థలం కింద వదలాల్సిన పది శాతం తీసేస్తే భవనాలు నిలిచే నేల 38 శాతం దాకా రావచ్చు. అంటే సుమారు 33,000 అడుగులు. అయిదంతస్తులకు 1,65,000 అడుగులు. మీ 96 కుటుంబాలకు 1,200 చొప్పున ఇస్తే 1,15,200 పోతాయి. బిల్డరుకు అమ్ముకోవడానికి మిగిలేది దాదాపు 50,000 అడుగులు. నిర్మాణానికి అడుగుకు 2,200 రూపాయలు, అమ్మకం ధర అడుగుకు 5,000 అని ఒక ఊహ పెట్టుకుందాం. మీ వీధి ధరలతో మీరు మార్చుకోండి. మొత్తం కట్టడానికి 36 కోట్ల పైన. మూడేళ్ల పాటు 96 ఇళ్లకు నెలకు 12,000 అద్దె అంటే ఇంకో 4 కోట్ల పైన. ఆయనకు అమ్మకం మీద వచ్చేది 25 కోట్లు. 15 కోట్లకు పైగా లోటు.

ఈ లోటును ఆయన ఎక్కడ పూడ్చుకుంటాడన్నది మీరు అడగాల్సిన ప్రశ్న. అనుమతి కంటే ఎక్కువ కట్టి తర్వాత క్రమబద్ధీకరణ చూద్దామనే ఆలోచన ఉండవచ్చు. నాసిరకం పని ఉండవచ్చు. లేదా ముందు సంతకాలు చేయించుకుని ఆ ఒప్పందాన్నే ఇంకొకరికి అమ్ముకునే ఆలోచన ఉండవచ్చు. మూడింటిలో ఏదైనా నష్టపోయేది మీరే.

అదే లెక్కలో ఒక్కో ఇంటికి 750 అడుగులు పెట్టి చూడండి. మీకు 72,000 పోగా ఆయనకు 93,000 మిగులుతాయి. రాబడి 46 కోట్ల పైన, ఖర్చు అద్దెతో కలిపి 40 కోట్ల పైన. అనుమతుల ఫీజులు, వడ్డీ, లాభం అన్నీ ఆ మిగిలిన 6 కోట్లలోనే సర్దుకోవాలి. అంటే 750 దగ్గరే బేరం ఇరుకుగా ఉంది. పైగా కొత్త ఫ్లాటు కొలతలో మెట్లు, లిఫ్టు, నడవల వాటా కలిసి ఉంటుంది. 750 అని రాసిన ఇంట్లో వాడుకునే నేల 520, 530 అడుగులకు మించదు. మీ పాత 650 ఇంట్లోనూ గోడలు, మెట్ల వాటా తీసేస్తే ఇంచుమించు అంతే ఉంటుంది. కాబట్టి పునర్నిర్మాణం వల్ల మీకు దక్కేవి గట్టి కట్టడం, లిఫ్టు, పార్కింగ్. పెద్ద ఇల్లు కాదు. ఈ మాట మీ సభ్యులకు వినడానికి కష్టంగా ఉంటుంది, అయినా మొదటి సభలోనే చెప్పండి. పెద్ద ఇల్లు కావాలన్న కుటుంబం అదనపు అడుగులకు అమ్మకం ధరకు దగ్గరగానే కట్టాల్సి వస్తుంది. హద్దు ఉన్న స్థలంలో మీరు తీసుకునే ప్రతి అడుగూ ఆయన అమ్ముకోలేని అడుగు.

ఇక ఉచితం అన్న మాట. ఇదే 750 లెక్కలో మీ 100 గజాల వాటా 44 గజాలకు తగ్గుతుంది. అంటే ఒక్కో కుటుంబం 56 గజాల భూమిని ధరగా చెల్లిస్తోంది. మీ వీధిలో గజం ఎంత పలుకుతోందో దానితో గుణించి, వచ్చిన అంకెను నోటీసు బోర్డు మీద పెట్టండి.

స్థలం గురించి ఇంకో మూడు సంగతులు, అవి మన ఊరికి ప్రత్యేకం. ఒకటి నీరు. వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల కింద, నయీంనగర్ నాలా, బొందివాగు పొడవునా ఉన్న కాలనీలు 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ ఎలా మునిగాయో మీకు తెలుసు. మీ స్థలం నాలాకు ఎంత దూరమో సర్వే చేయించండి. పది మీటర్లకు మించిన వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు వదలాలి. చెరువు విస్తీర్ణం పది హెక్టార్లు, ఆపైన ఉంటే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు. 2023లో నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో పాతవారితో గోడ మీద గీత గీయించండి. ఆ గీత కంటే పార్కింగ్ నేల పైన ఉండాలి. సెల్లారు వద్దే వద్దు. అలాగని స్థలమంతా మట్టి పోసి ఎత్తు చేస్తే మీ నీళ్లు పక్క బస్తీలోకి వెళతాయి. మీ మేలు కోసం వారి ఇళ్లు ముంచడం న్యాయం కాదు, వాన నీటికి దారి మీ ప్లానులోనే ఉండాలి.

రెండోది వారసత్వ కట్టడాలు. 1163లో కట్టిన వేయి స్తంభాల గుడి, ఖిలా వరంగల్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాతి 200 మీటర్లలో ముందస్తు అనుమతి తప్పనిసరి. కాలనీలో ఒక్క బ్లాకు ఆ గీత లోపలికి వచ్చినా మొత్తం ప్లాను మారిపోతుంది. మూడోది కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) మాస్టర్ ప్లాను. మీ రోడ్డు విస్తరణలో ఉంటే కొంత నేల పోతుంది, కానీ వెడల్పు పెరిగితే ఎత్తు మీద ఉన్న హద్దు కూడా మారవచ్చు. మామునూరు విమానాశ్రయం పునరుద్ధరణ జరుగుతోంది కాబట్టి ఎత్తుకు విమానయాన అనుమతి కావాలేమో కూడా అడిగి ఉంచుకోండి.

తాగునీరు, మురుగు కూడా ఇప్పుడే చూడాలి. కొత్త కాలనీలో దాదాపు 180 ఇళ్లు వస్తాయి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున లక్ష లీటర్ల పైన నీరు కావాలి, అందులో ఎక్కువ భాగం మురుగుగా బయటికి పోవాలి. మన నగరంలో చాలా కాలనీలు ఇంకా సెప్టిక్ ట్యాంకుల మీదే నడుస్తున్నాయి. మురుగు శుద్ధి యంత్రం ప్లానులో లేకపోతే ఆ నీరంతా వెళ్లేది నాలాలోకే.

కాగితాల సంగతి మీ అంతట మీరే ఈ వారం మొదలుపెట్టవచ్చు. హౌసింగ్ బోర్డు ఇళ్లలో నాలుగు రకాల యజమానులు ఉంటారు: బోర్డు నుంచి రిజిస్ట్రేషన్ అయినవారు, వాయిదాలు కట్టినా రిజిస్ట్రేషన్ చేయించుకోనివారు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద కొన్నవారు, అసలు యజమాని చనిపోయాక వారసుల పేరు మారనివారు. జీపీఏ మీద కొన్నంత మాత్రాన హక్కు బదిలీ కాదని 2011లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చివరి మూడు రకాల చిక్కులు తీరకుండా డెవలప్‌మెంట్ ఒప్పందం రిజిస్ట్రేషన్ దాకా వెళితే పని మధ్యలో ఎవరో ఒక వారసుడు కోర్టుకు వెళతాడు, అప్పటికి పాత ఇళ్లు కూలిపోయి ఉంటాయి. ఇంటి మీద బ్యాంకు అప్పు ఉంటే బ్యాంకు అంగీకార పత్రం కూడా కావాలి. కింది అంతస్తులో ఉమ్మడి స్థలంలోకి గది పెంచుకున్నవారు దానికీ వాటా అడుగుతారు. వాటా దస్తావేజులో ఉన్న విస్తీర్ణం ప్రకారమే అని మొదటి సభలో రాసుకోండి. ఆలస్యమైతే ఆ ఒక్క గొడవే కాలనీని రెండుగా చీలుస్తుంది.

మెజారిటీ చాలదా అని కూడా అడిగారు. మహారాష్ట్రలో సొసైటీల పునర్నిర్మాణానికి 51 శాతం, గుజరాత్‌లో పాతికేళ్లు దాటిన భవనాలకు 75 శాతం, తమిళనాడులో 2022 చట్టం ప్రకారం మూడింట రెండు వంతుల అంగీకారం చాలు. మన దగ్గర అలాంటి స్పష్టమైన దారి లేదు. అవిభాజ్య వాటా 96 మందిదీ కాబట్టి 96 మంది సంతకమూ కావాలనే అనుకుని నడవండి. అందుకే భయపడుతున్న సగం మందిని అడ్డంకిగా చూడవద్దు. వారి భయాల్లో ఒప్పందానికి కావాల్సిన షరతులు ఉంటాయి. చాలా ఇళ్లు ఆడవారి పేరు మీద ఉంటాయి, సభకు మాత్రం మగవారే వస్తారు. సంతకం పెట్టాల్సినవారు సభలో కూర్చునేలా ఆదివారం పగటిపూట పెట్టండి. కమిటీలో ఒక మహిళా యజమాని, కింది అంతస్తు నుంచి ఒకరు, వేరే ఊళ్లో ఉంటూ ఇల్లు అద్దెకు ఇచ్చినవారి తరఫున ఒకరు తప్పకుండా ఉండాలి.

పింఛను మీద బతికే పెద్దల విషయంలో నాకు ఎక్కువ ఆందోళన. లిఫ్టు, జనరేటరు, మురుగు శుద్ధి యంత్రం వచ్చాక నెల నిర్వహణ ఖర్చు అడుగుకు రెండు, రెండున్నర రూపాయలు పడినా 750 అడుగుల ఇంటికి 1,500 నుంచి 1,900 అవుతుంది. ఇప్పుడు వారు సంఘానికి కట్టేది అందులో ఎంతో చూడండి. కట్టలేక ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయే పరిస్థితి వస్తే ఎవరి కోసం కట్టినట్టు? ఉమ్మడి నిధి బిల్డరు ఇవ్వాలి, దాని వడ్డీ నిర్వహణకు పోవాలి. ఇది బేరంలో అడుగుల కంటే ముందు అడగాల్సిన విషయం. అద్దెకున్నవారికి వాటా ఉండదు. కానీ వారి పిల్లలు చదివే బడులు మధ్యలో మారకుండా ఖాళీ చేయించడం ఏప్రిల్ చివరలో, వేసవి సెలవులకు సరిపెట్టండి. గేటు దగ్గర ఇస్త్రీ బండి పెట్టుకున్నవారికి, వాచ్‌మన్ కుటుంబానికి కొత్త ప్లానులో చోటు గీయించండి.

అందరూ ఒకేసారి ఖాళీ చేయడం కూడా తప్పనిసరి కాదు. స్థలంలో ఖాళీ మూల ఉంటే మొదటి కొత్త బ్లాకు అక్కడ కట్టించి, రెండు పాత బ్లాకుల వారిని నేరుగా అందులోకి మార్చి, ఆ తర్వాతే ఆ రెండూ కూల్చవచ్చు. సమయం ఎక్కువ పడుతుంది, దుమ్ము, చప్పుడు భరించాలి. అయినా అద్దె భారం తగ్గుతుంది. పని ఆగిపోయినా మిగిలిన కుటుంబాలకు తలమీద కప్పు ఉంటుంది. నేనైతే దీన్నే ఎంచుకుంటాను. వేపచెట్లు ఉన్న చోటు తప్పించి బ్లాకులు గీయమనండి. చెట్టు కొట్టాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి ఎలాగూ కావాలి.

ఇవన్నీ చేతికి వచ్చాక, మీరు సొంతంగా పెట్టుకున్న ఆర్కిటెక్టుతో ఒక ముసాయిదా ప్లాను గీయించి, అప్పుడు ముగ్గురు నలుగురు బిల్డర్లను పిలవండి. అందరికీ ఒకే ప్లాను ఇచ్చి, అందరినీ ఒకే పట్టికలో జవాబు అడగండి. మొదట వచ్చినాయన కూడా రావచ్చు.

ఒప్పందంలో నేను వదలని షరతులు కొన్ని చెబుతాను. భవన అనుమతి, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు, బ్యాంకు గ్యారంటీ, ఆరు నెలల అద్దె ముందస్తు చేతికి అందేదాకా ఒక్క ఇల్లూ ఖాళీ చేయకూడదు. బిల్డరు కొనుగోలుదారుల నుంచి తీసుకునే సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలన్నది రెరా చట్టం, ఆ ఖాతా వివరాలు మీకూ అందేలా రాయించండి. అద్దె పని పూర్తయ్యేదాకా అని కాకుండా ఇంట్లో చేరవచ్చని నగరపాలక సంస్థ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా అని ఉండాలి. ఈ రెండింటి మధ్య ఏడాది తేడా రావడం మామూలే. అనుమతి సమయంలో కట్టడంలో పది శాతం నగరపాలక సంస్థకు తనఖా పెట్టాలి. అది పూర్తిగా బిల్డరు వాటాలోంచే పోవాలి, మీ ఫ్లాట్లు అందులో ఉండకూడదు. పవర్ ఆఫ్ అటార్నీ ఆయన వాటా వరకే, అదీ పని జరిగినంత మేరకు విడతలుగా ఇవ్వాలి. మీ వాటా మీద అప్పు తెచ్చే అధికారం ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వవద్దు. ఒప్పందాన్ని వేరేవారికి బదిలీ చేసే హక్కు ఉండకూడదు. విస్తీర్ణం అంతా రెరా చెప్పే కార్పెట్ ఏరియాలో, అంటే ఇంటి లోపల వాడుకునే నేల లెక్కలో రాయాలి. కూల్చినప్పుడు వచ్చే టేకు ద్వారబంధాలు, ఇనుము ఎవరివో కూడా రాయండి, వాటి విలువ చిన్నది కాదు. కట్టడంలో నిర్మాణ లోపం బయటపడితే స్వాధీనం చేసిన నాటి నుంచి అయిదేళ్ల దాకా సొంత ఖర్చుతో సరిచేయాల్సింది బిల్డరే.

పన్ను విషయం ఒక ఆడిటరుతో మాట్లాడండి. వ్యక్తిగత యజమానులు రిజిస్టరు చేసిన ఉమ్మడి అభివృద్ధి ఒప్పందంలోకి వెళితే మూలధన లాభం పన్ను, నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చిన ఏడాదిలో పడేలా 2017లో ఆదాయపు పన్ను చట్టం మార్చారు. ఆలోపు తన వాటా అమ్ముకున్నవారికి ఆ వెసులుబాటు ఉండదు. మధ్యలో అమ్మాలనుకునే కుటుంబాలు మీ కాలనీలో తప్పక ఉంటాయి కాబట్టి ఇది ముందే చెప్పాలి.

ఒక్క విషయం మీ ప్రశ్నలో స్పష్టంగా లేదు. 30 అడుగులన్నది లేఅవుట్ కాగితంలో ఉన్న రోడ్డు వెడల్పా, ఇప్పుడు గోడ నుంచి గోడకు ఉన్నదా? టేపు పట్టి మూడు చోట్ల కొలిచి, పక్కనే నాలా ఉందో లేదో కూడా రాయండి. 40 అడుగులకు చేరే వీలుంటే పైన వేసిన లెక్క మారుతుంది, ఆ అంకెలతో మళ్లీ వేసి పెడతాను.